మూలన ఉన్న ఇంటూ గుర్తు

కొచ్చి బ్యాక్‌వాటర్స్‌లో తేలిన శవం జేబులో పర్సు లేదు, ఫోను లేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది. అందులో ఒకే ఒక్క బొమ్మ. చిన్న కిటికీ లాంటి పెట్టె, దాని మీద రెండు ముక్కలు: "మీ బ్రౌజర్ పాతబడింది. వెంటనే అప్‌డేట్ చేసుకోండి."

"ఇంతేనా సార్?" అంది త్రేస్య.

"ఇంతే. దీనికే చంపేశారు," అన్నాడు కైమళ్.

ఇద్దరూ పడవల రేవు పక్కన టీకొట్టులో కూర్చున్నారు. బయట కర్కాటక మాసపు వాన ఆగకుండా కొడుతోంది. కైమళ్ ముండు పంచె పైకి మడిచి కట్టి, అరటిపండు బజ్జీ తింటున్నాడు. చూస్తే రిటైరైన స్కూలు మాస్టారు అనుకుంటారు. రాష్ట్రంలోని రహస్య విభాగం మొత్తం ఆయన చేతిలో ఉంది. ఏజెంట్లకు చేపల పేర్లు పెట్టడం ఆయన సరదా. త్రేస్య పేరు నెత్తలి. కరిమీన్ లాంటి ఖరీదైన పేరు మాత్రం తనకే ఉంచుకున్నాడు.

"ఈ కిటికీ రాసినవాడే ఆ చచ్చినవాడు. విదేశీ ముఠా మనిషి. మనవైపు రాబోయాడు, దారిలోనే లేపేశారు. దీన్ని ఒక్క సైట్లోనే దాచారు. లాటరీ ఫలితాల సైట్."

"అబ్బ, తెలివే."

"మరి? మధ్యాహ్నం మూడయ్యాక ఆ సైట్ తెరవని ఆఫీసు ఈ రాష్ట్రంలో ఒక్కటి చూపించు."

త్రేస్య హ్యాండ్‌బ్యాగులోనే ఒక టికెట్ ఉంది మరి.

"అందరికీ కనబడదు. చెంబక్కడవు రేవు కంట్రోల్ రూమ్ నుంచి చూసినవాళ్లకే కనబడుతుంది. దాని వెనకాల వైరస్ ఉంది. అది లోపలికి దూరితే ఓడల తెర మీద కాలువ హద్దులు చూపే బోయ్‌ల గుర్తులు పక్కకు జరుగుతాయి. ఈ వానలో ఓడని రేవులోకి నడిపే పైలట్‌కి కంటికి ఏమీ ఆనదు, కంట్రోల్ రూమ్ చెప్పిందే దారి. ఇవాళ గ్యాస్ ట్యాంకర్ వస్తోంది. కాలువకి ఒక పక్క రాళ్లు, ఇంకో పక్క ఫెర్రీ రేవు."

"పైలట్ ఎవరు?"

కైమళ్ బజ్జీ పక్కన పెట్టాడు. "వర్కీ."

వర్కీ త్రేస్య సొంత అన్న. చెల్లెలు ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తా అని ఇప్పటికీ నమ్ముతున్న అమాయకుడు.

"ట్యాంకర్‌ని ఆపేయండి సార్."

"ఆపితే లోపలున్న వాళ్ల మనిషి జారుకుంటాడు. రేపు ఇంకో రేవు, ఇంకొకరి అన్న. వాణ్ణి పట్టుకోవాలి, దీన్ని ఆపాలి. లోపల మనకో తోడు ఉంది. ఐరీన్. సెక్యూరిటీ కన్సల్టెంట్‌గా నెల నుంచి అక్కడే స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తోంది. కోడ్ పేరు రొయ్య. పులుసులో కుడంపులి వేశారా అని అడుగు. వేశాం, ఉప్పే మరిచాం అంటుంది."

ఏసీ మెకానిక్ వేషంలో, ఖాకీ చొక్కాలో, భుజాన టూల్ బ్యాగుతో త్రేస్య కంట్రోల్ రూమ్ చేరేసరికి మూడు కావస్తోంది. అక్కడ ఏసీ నిక్షేపంగా నడుస్తోంది. అయినా మెకానిక్ వచ్చిందంటే ఎవరూ ఎందుకని అడగలేదు. ఎప్పుడో పెట్టిన కంప్లైంటుకు ఇప్పటికి వచ్చారని సంతోషించారు.

డ్యూటీ ఆపరేటర్ దివాకరన్ ఒక చేత్తో రేడియో, ఇంకో చేత్తో మౌస్ పట్టుకుని కూర్చున్నాడు. ఓడల తెర పక్కనే ఇంటర్నెట్ కంప్యూటర్. ఆ రెండూ ఒక గదిలో ఉండకూడదు, ఒక తీగ మీద అసలే ఉండకూడదు. కానీ పక్క గది కప్పు కారుతోందని కంప్యూటర్‌ని ఇక్కడికి మోసుకొచ్చి, దొరికిన తీగకి తగిలించేశారు. వానలు తగ్గాక చూద్దామనుకున్నారు. అది నిరుటి వానాకాలం మాట.

"బంపర్ డ్రా ఇవాళే చేచీ," అన్నాడు దివాకరన్, త్రేస్యను అక్కను చేసేసి సంబరంగా. "షిఫ్ట్ అంతా కలిసి ఒక టికెట్ కొన్నాం. తగిలితే ఈ కుర్చీలో మళ్లీ కూర్చునేది లేదు."

కిటికీ దగ్గర ఐరీన్ నిలబడి ఉంది. తెల్లటి పట్టు చీర, ముత్యాల దిద్దులు. గదిలో మగవాళ్లంతా తెరల్ని తక్కువగా, ఆమెను ఎక్కువగా చూస్తున్నారు.

త్రేస్య దగ్గరికెళ్లి మెల్లగా అడిగింది. "పులుసులో కుడంపులి వేశారా?"

"వేశాం. ఉప్పే మరిచాం." ఐరీన్ నవ్వింది. "కంగారు పడకు. అందరికీ నేర్పేశాను. చూడు."

గోడ మీద రంగుల పోస్టర్. "పాప్-అప్ వచ్చిందా? భయపడకండి. మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కండి. వచ్చిన సేఫ్టీ ఫైల్ తెరవండి. అంతే."

త్రేస్య ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. పెన్‌డ్రైవ్‌లో చూసిన ఆ కిటికీలో ఇంటూ గుర్తు కూడా బొమ్మే. పెట్టె మొత్తం ఒకటే బటన్. ఎక్కడ నొక్కినా వైరస్ ఫైల్ దిగుతుంది. దాన్ని తెరవమని నెలరోజులుగా పాఠం చెబుతున్నది రొయ్య. శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లే ముందు మునుగుతారు.

రేడియోలో వర్కీ గొంతు గరగరలాడింది. "కంట్రోల్, కాలువలోకి వచ్చేశాం. ముక్కు ముందు కూడా ఏమీ కనబడట్లేదు. ఎడమకా, నేరుగానా?"

"నేరుగా రండి వర్కీ సారే," అంటూనే దివాకరన్ మౌస్ కదిపాడు. ఫలితాల పేజీ తెరుచుకుంది. దాని మీద ఆ కిటికీ లేచింది.

"దాన్ని ముట్టుకోవద్దు," అంది త్రేస్య. "బ్రౌజరే మూసెయ్."

"ఏసీ చూసుకో అమ్మా," అంది ఐరీన్ తియ్యగా. "దివాకరన్, నేర్పాను కదా."

దివాకరన్ బుద్ధిమంతుడిలా ఇంటూ గుర్తు నొక్కాడు. తెర కింద మూలన ఒక ఫైల్ వచ్చి పడింది. అతని చెయ్యి దానివైపు కదిలింది. నచ్చజెప్పే వ్యవధి లేదు. చెప్పినా ముత్యాల దిద్దుల మాట కాదని ఖాకీ చొక్కా మాట ఎవరు వింటారు?

త్రేస్య తన ఫోన్ తీసి గది అదిరేలా అరిచింది. "ఫస్ట్ ప్రైజ్ మన చెంబక్కడవులోనే తగిలింది. టికెట్ ఎవరి దగ్గరుందో చూసుకోండి."

దివాకరన్ చేతిలో మౌస్ ఎటు పోయిందో తెలియదు. కుర్చీ తన్నేసి చొక్కా జేబులు తడుముకున్నాడు. పక్క గదుల నుంచి, మెట్ల మీద నుంచి, క్యాంటీన్ నుంచి జనం తోసుకొచ్చారు.

ఐరీన్ నవ్వు ఆరిపోయింది. ఒక్క అంగలో వచ్చి మౌస్ అందుకుంది. త్రేస్య నేల మీద పడి, బల్ల కిందికి పాకి, బ్యాగులోంచి కట్టర్ లాగింది. పైన మౌస్ క్లిక్కుమంది. కింద తీగ తెగింది.

ఓడల తెర నల్లబడింది. వైరస్ తెరుచుకుంది గానీ, వెళ్లడానికి దానికి దారి లేకపోయింది. ఆ ఒక్క కంప్యూటర్లో ఒంటరిగా కూర్చుంది.

త్రేస్య రేడియో లాక్కుంది. గొంతు మార్చాలన్న ధ్యాస కూడా లేదు. "పైలట్, తెర పోయింది. ఆపెయ్యండి. ఉన్నచోటే ఆపెయ్యండి."

అవతల బూతు ఒకటి వినిపించింది. తర్వాత లంగరు గొలుసు మోత. ఆమె జీవితంలో అంత మంచి మోత వినలేదు. వానలోంచి, ట్యాంకర్ ముందునుంచి, స్కూలు పిల్లలతో నిండిన ఫెర్రీ తాపీగా దాటిపోయింది.

ఐరీన్ తలుపు వైపు పరుగెత్తింది. కానీ తలుపు ఎక్కడుంది? షిఫ్ట్ మొత్తం గుమ్మంలో ఇరుక్కుని ఒకే టికెట్ కోసం కొట్టుకుంటోంది. ముత్యాల దిద్దులకు కూడా ఎవరూ దారివ్వలేదు. కైమళ్ మనుషులు వచ్చేదాకా ఆమె అక్కడే ఉండిపోయింది.

"నంబర్ కలవలేదు చేచీ," అన్నాడు దివాకరన్ నీరుగారిపోయి. "ఓడ సంగతి వేరు. లాటరీ విషయంలో అబద్ధమాడతారా ఎవరైనా?"

సాయంత్రం వర్కీ నేరుగా చెల్లెలి ఇంటికే వచ్చాడు. కర్రపెండలం, చేపల పులుసు ముందు పెట్టుకుని ఇంకా రుసరుసలాడుతూనే ఉన్నాడు.

"ఎవతో ఏసీ మెకానిక్ అట. తీగ తెంపేసి, పైగా రేడియోలో నాకే ఆర్డర్లు. వాన హోరులో గొంతు కూడా సరిగ్గా వినబడలేదు. నడికాలువలో ఓడ ఆపాల్సొచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత నామర్దా లేదు. గట్టిగా కంప్లైంట్ ఇచ్చొచ్చాను. ఏ రేవులోనూ దానికి ఇక పని దొరకదు."

త్రేస్య అన్న వంక చూసింది. కోపంగా నములుతున్నాడు, వేళ్లు నాకుతున్నాడు, బతికి ఉన్నాడు. ఆమెకు గట్టిగా ఏడవాలనిపించింది.

"మంచి పని చేశావు అన్నా," అంది ఇంకో చేపముక్క వడ్డిస్తూ. "అలాంటివాళ్లని అస్సలు వదలకూడదు."