లేవని హన్మమ్మ

తాండూర్ స్టేషన్ వెనక గల్లీలో దశరథానికి ఒక చిన్న ఇల్లుండేది. నిజాం రాజ్యం పోయి పదేళ్లు దాటినా దాని గోడలకు మళ్లీ సున్నం పడలేదు. అందులో హన్మమ్మ అనే ముసలామె కిరాయికుండి, బండల గనుల కూలీలకు జొన్నరొట్టెలు చేసి అమ్ముకునేది.

ఆ శ్రావణంలో ఇద్దరికీ లొల్లి మొదలైంది. వంటింటి మూలన నేలబండ లేస్తోంది, బాగుచేయించమని ఆమె పోరు. మేస్త్రీ శంకరప్ప వచ్చి సున్నం పోసి కూర్చోబెట్టడం, నాలుగు రోజులకే అది మళ్లీ లేవడం. ముసలిదే కావాలని పెళ్లగిస్తోందని దశరథం అనుమానం. ఖాళీ చెయ్యమంటే చెయ్యదు. బండ సక్కగైతేనే కదులుతానంటుంది.

ఒక ముసురు సాయంత్రం శంకరప్పను వెంటబెట్టుకుని దశరథం తనే వచ్చాడు.

వంటింట్లో మసక. పొయ్యి చల్లారి ఉంది. తడిమట్టి వాసన కింద ఇంకేదో వాసన... చాన్నాళ్లు మూసిన పెట్టె తెరిచినట్టు. హన్మమ్మ మూలన, ఆ బండ మీదే మఠం వేసుకుని కూర్చుంది.

“లే అవ్వా. కొత్త బండ ఏపిస్త. రేపు నువ్వు ఖాళీ చెయ్యాలె.”

“నేను లేస్తె అది గూడ లేస్తది సేటూ,” గుసగుసగా అంది. “పొద్దుగాల సంది రొట్టె గూడ చెయ్యలే. జర మెల్లగ మాట్లాడు... వింటది.”

దశరథానికి ఒళ్లు మండింది. రెక్క పట్టుకుని లేపేశాడు.

ఏమీ కాలేదు. వాన చప్పుడు. అంతే.

తర్వాత... రాయి మీద రాయి గరగరమని ఒరుసుకుంది. బండ అంచు వేలెడు లేచింది. ఆగింది. మళ్లీ కొంచెం...

శంకరప్ప తాపీ పారేసి బయటికి ఉరికాడు. దశరథం ఆ బండ మీదికెక్కి తొక్కిపట్టాడు. అరికాళ్లకు వెచ్చగా తగిలింది. కింద నుంచి ఎవరో తోస్తున్నట్టు లేదు. ఊపిరి తీస్తున్నట్టు... మెల్లగా ఎత్తుతోంది, దించుతోంది.

హన్మమ్మ మూట కట్టుకుంటోంది.

“ఏడికి పోతున్నవ్?”

“ఖాళీ చెయ్యమంటివి గద.”

“పోకు అవ్వా! నీ కాళ్లు మొక్కుత... పోకు!”

ఆమె మూట దించి, వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరి బరువుకు బండ దిగింది. వెంటనే కాదు.

శంకరప్ప గని కూలీలను పిలుచుకొచ్చాడు. గడ్డపారలతో బండ పెకలించి, లాంతరు వంచి చూస్తే కింద గట్టి నేల. చీమ దూరే సందు లేదు. కూలీలు నవ్వారు. దశరథమూ నవ్వాడు.

హన్మమ్మ నవ్వలేదు. ఆ నేల మీద అరచెయ్యి ఆనించి చూసి, మూట నెత్తికెత్తుకుంది.

“ఇగ అది ఈడ లేదు సేటూ. నేను ఉండుడెందుకు? కుల్కచర్లల మా చెల్లె ఉంది, ఆడికి పోత.”

దశరథం తన ఇల్లు చేరేసరికి లోపల ఇంకా దీపం పెట్టలేదు. వంటింట్లో భార్య సావిత్రమ్మ నేల మీద కూర్చుని ఉంది, చేతిలో సగం తరిగిన వంకాయ. అతన్ని చూసినా లేవలేదు.

“జర మెల్లగ రా,” అంది గుసగుసగా. “నా కింద బండ... గింత వెచ్చగున్నదేందయ్యా?”