ఓ పట్టాన ఊడని సెన్సర్

“పొగగొట్టానికి స్పార్క్ ప్లగ్ పెట్టిన మహానుభావుడెవడో!” అన్నాను, బానెట్ కింద తలదూర్చి.

తెలుగులోనే అన్నాను. కరోల్ బాగ్‌లో, సర్దార్జీ గ్యారేజీలో, తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా అని ధైర్యం.

“అది స్పార్క్ ప్లగ్ కాదు భయ్యా, ఆక్సిజన్ సెన్సర్!”

ఉలిక్కిపడి లేచాను. బానెట్ ఠంగుమని నెత్తికి తగిలింది. ఎదురుగా పసుపుపచ్చ స్వెట్టర్ వేసుకున్న అమ్మాయి, నవ్వాపుకోవడానికి నానా తంటాలూ పడుతోంది.

“మీరు తెలుగువాళ్ళా?” అన్నాను నెత్తి రుద్దుకుంటూ.

“అచ్ఛా, ఇప్పుడు అదా ముఖ్యం? మీరు ఇంజినీర్ అని చెప్పాడు సర్దార్జీ. నిజంగానేనా?”

నిజంగానే! కాకినాడలో మెకానికల్ చదివాను. సివిల్స్ రాస్తానని ఢిల్లీ వచ్చి, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకుని, రెండుసార్లు ప్రిలిమ్స్‌లో మునిగి, చివరికి ఈ గ్యారేజీలో తేలాను. అయినా 1986లో మన దేశంలో ఏ ఇంజినీరు ఆక్సిజన్ సెన్సర్ని చూశాడు చెప్పండి? మన అంబాసిడర్లకి అలాంటి సోకులు లేవు కదా!

ఆ అమ్మాయి పేరు అరుంధతి. ధౌలా కువాన్ కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్, ఆఖరి సంవత్సరం. వాళ్ళ నాన్నగారు రాధాకృష్ణమూర్తి గారు కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. అమెరికాలో మూడేళ్ళు పనిచేసి, రెండేళ్ళ క్రితం తిరిగొస్తూ ఈ నీలం కారుని ఓడలో తెచ్చుకున్నారు. ఇంజన్లోంచి పొగని బయటికి లాగే గొట్టాల గుత్తిని హెడర్ అంటారు. అది పగిలింది. కొత్త హెడర్ అమెరికా నుంచి వచ్చింది గానీ, దానికి సెన్సర్ లేదు. పాతదాన్లో ఉన్న సెన్సర్ని విప్పి కొత్తదానికి బిగించాలి. అదీ పని.

“సెన్సర్ అంటే ఇంజన్‌కి ముక్కులాంటిది. పొగ వాసన చూసి పెట్రోల్ ఎంత కావాలో చెప్తుంది,” అంది అరుంధతి. “విరిగిందంటే ఇండియాలో ఇంకోటి దొరకదు. ఆదివారం పొద్దున్న ఏడింటికి జైపూర్ ర్యాలీ. నేనే డ్రైవ్ చేస్తున్నా! సెన్సర్ సేఫ్‌గా ఉంటేనే కారు ఇస్తానని డాడీ కండిషన్. ఏడాది బతిమాలితే ఒప్పుకున్నారు, తెలుసా భయ్యా?”

“మీ ర్యాలీకి పూచీ నాది. కానీ నాదీ ఓ కండిషన్.”

“ఏంటది?”

“ఆ భయ్యా మాత్రం వద్దండి. నా పేరు చెన్నకేశవులు.”

“అమ్మో, అంత పొడుగా! కేశవ్ అంటా. ఠీక్ హై?”

ఠీక్ హై ఏమిటి, నాకు ప్రాణం లేచొచ్చింది!

అది మంగళవారం. సెన్సర్ మాత్రం కదిలితే ఒట్టు. తుప్పూ మసీ కలిసి దాన్ని గొట్టానికి అతికించేశాయి. స్పానర్ పిడికి ఇనప గొట్టం తొడిగి వేలాడాను. ఊహూఁ!

మర్నాడు కాలేజీ అవగానే అరుంధతి బస్సెక్కి వచ్చేసింది. బయట సన్నగా వాన. జుట్టు నిండా చినుకులు. మరల మీద కిరసనాయిలు చుక్కలు వెయ్యడం తన పని, తిప్పడం నా పని.

“బలం చాలట్లేదా? అన్నం తినరా మీరు?”

“మా మెస్సు పప్పు తిని స్పానర్ ఎత్తడమే గొప్పండి.”

“పాపం! మా ఇంట్లో ఆవకాయ ఉంది. రేపు తెస్తాన్లెండి.”

రేపు! అంటే రేపు కూడా వస్తుందన్నమాట! ఆ మాటకే నా కడుపు నిండిపోయింది.

తను వెళ్ళాక సర్దార్జీ నా అవస్థ చూసి జాలిపడ్డాడు. “ఓయ్ ఇంజినీర్! పహలే గరమ్ కర్, ఫిర్ ఘుమా!” అన్నాడు. వేడి మీద తిప్పమని. ఇంజన్ని పది నిమిషాలు నడిపి, ఆపి, స్పానర్ వేశాను. కిర్రుమంటూ పావు చుట్టు తిరిగింది!

ఎగిరి గంతేశాను. గంతు పూర్తయ్యేలోపే గుండె జారిపోయింది. ఇది ఊడితే రేపటికి కారు తయారు. కారు తయారైతే అరుంధతి రాదు. మళ్ళీ ఎప్పటికీ రాదు.

ఏం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మళ్ళీ బిగించేశాను. బలంకొద్దీ!

గురువారం ఆవకాయ వచ్చింది. శుక్రవారం పులిహోర వచ్చింది. “ఇంకా ఊడలేదా?” అని తను అడగడం, “మహా మొండిదండీ,” అని నేను అబద్ధమాడటం. చిత్రమేమిటంటే, తనూ తొందరపెట్టలేదు. ఎగ్జామ్స్ సంగతి, అమెరికాలో మంచు సంగతి, మా ఊరి సంగతి, అన్నీ మాట్లాడుకున్నాం. కారుకి మాకంటే ఓపిక ఎక్కువ.

శనివారం పొద్దున్నే మాత్రం అరుంధతితో పాటు రాధాకృష్ణమూర్తి గారు దిగారు.

“ఏవోయ్, మూడింటికి ర్యాలీవాళ్ళు కారు తనిఖీ చేస్తారు. పదకొండు దాకా చూస్తాను. కాకపోతే అమ్మాయి పేరు కొట్టేయించేస్తాను.”

అరుంధతి మొహం తెల్లబోయింది. నేను మాత్రం లోపల్లోపల నవ్వుకున్నాను. పావుగంట పని! ఇంజన్ వేడిచేసి, స్పానర్ వేసి తిప్పాను.

కదల్లేదు.

ఇంకా వేడిచేశాను. కదల్లేదు. చెమటలు పట్టాయి. బుధవారం నేను బిగించిన బిగింపుకి మరలు ఒకదాన్నొకటి కరిచి పట్టేసుకున్నాయి! పదిన్నరకి ఇద్దరం కలిసి, నేనూ సర్దార్జీ, పిడి మీద వేలాడాం. కీచుమని అరుస్తూ తిరిగింది. అందరం కేకేశాం. తీరా చేతిలోకి తీసుకుంటే ఏముంది? కొస విరిగిపోయింది.

అరుంధతి విరిగిన ముక్కనే చూస్తోంది.

“సరే, ఏం చేస్తాం! పాత సామాను,” అన్నారు రాధాకృష్ణమూర్తి గారు.

అక్కడితో ఊరుకుంటే బతికిపోయేవాణ్ణి. ఊరుకోలేకపోయాను.

“పాత సామాను తప్పు కాదండీ, నా తప్పు. బుధవారమే ఇది కదిలింది. నేనే మళ్ళీ బిగించాను.”

“బిగించావా? ఎందుకూ?”

“ఊడిపోతే అరుంధతి గారు ఇంక రారని.”

రాధాకృష్ణమూర్తి గారి మొహం కందగడ్డైంది.

“పద అరూ, పేరు కొట్టేయిద్దాం.” ఆయన గేటు దాకా వెళ్ళిపోయారు.

“డాడీ, ఆగండి!” అరుంధతి పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుంది. “ఆ సెన్సర్ ఎప్పుడో చచ్చిపోయింది! మన పెట్రోల్లో సీసం కలుపుతారు. సీసం తగిలితే అది కొన్నాళ్ళే బతుకుతుందని మాన్యువల్లో రాశాడు. రెండేళ్ళుగా ముక్కు లేకుండానే తిరుగుతున్నాం. ఆ రంధ్రానికి ఓ బోల్టు బిగిస్తే చాలు!”

“మాన్యువల్ ఎప్పుడు చదివావు?”

అరుంధతి నేల చూపులు చూసింది. “బుధవారం.”

ఆయన కూతుర్ని చూశారు. నన్ను చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, మళ్ళీ ఇద్దర్నీ చూశారు.

“నిలబడ్డావేం? బోల్టు బిగించు,” అన్నారు నాతో.

అంత వేగంగా నేను ఎప్పుడూ పనిచెయ్యలేదు! రెండింటికల్లా కొత్త హెడర్ ఎక్కింది. ఇంజన్ పులిలా గర్జించింది. రాధాకృష్ణమూర్తి గారు తనే నడిపి, కరోల్ బాగ్ చుట్టి వచ్చి, తాళాలు అరుంధతి చేతిలో పెట్టారు.

“రేపు కారులో ఇద్దరుండాలట. మ్యాప్ పట్టుకుని నేనే పక్కన కూర్చుందామనుకున్నాను,” అన్నారు నావైపు తిరిగి. “దారిలో ఏదైనా ఊడితే నాకు బిగించడం రాదోయ్. నీకైతే బిగించడం బాగా వచ్చు. నువ్వు కూర్చో.”

ఆదివారం ఏడింటికి ఐదు నిమిషాలు తక్కువ. ర్యాలీ మొదలయ్యే మైదానంలో ముందూ వెనకా ముప్ఫై కార్లు. నిన్నటినుంచి అరుంధతి నా మొహం చూడలేదు. మ్యాప్ ఒళ్ళో పరుచుకున్నాను.

“నేను చేసింది తప్పే,” అన్నాను. “కానీ మీరు? బుధవారమే తెలిసి ఎందుకు చెప్పలేదు?”

“క్యా?” ఇంజన్ల హోరులో ఏమీ వినపడటం లేదు.

“ఎందుకు చెప్పలేదూ?” అని అరిచాను.

అరుంధతి చెవులదాకా ఎర్రబడింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, నాకంటే పెద్దగా అరిచింది.

“చెప్పేస్తే గురువారం రావడానికి నాకేం వంక ఉంటుందండీ?”

మైదానంలో తెలుగు తెలిసిన మూడో మనిషి, జనంలోంచి చెయ్యెత్తారు.

“వినపడిందమ్మా! జెండా ఊపేశాడు, ముందు కారు తియ్యి!”