సరూర్‌నగర్ కట్ట మీద వాన పడలేదు

ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. నాలుగు వైపులా బండ్లు ఆగిపోయాయి. జనం నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జై తెలంగాణ నినాదాలతో చౌరస్తా దద్దరిల్లుతోంది. ఆ సందడిలో, తెల్ల ఇండికా కారులో స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషిని ఎవరు చూస్తారు? ఎండకు కునుకు పట్టిందనుకున్నారు. ఎవరో మహాతల్లి అద్దంలోంచి విస్తరాకులో ఇంత పులిహోర అందించి, పిలిస్తే పలకకపోయేసరికి ఒళ్లో పెట్టి పోయింది కూడా. దారి వదిలాక కూడా కారు కదలకపోతే వెనకవాడు హారన్ కొట్టీ కొట్టీ విసుగెత్తి దిగొచ్చాడు. అప్పుడు తెలిసింది సంగతి. మనిషి పోయి చాలాసేపయింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తుంది.

పేరు మట్టయ్య. లోకానికి ట్యాక్సీ డ్రైవర్. నిజానికి ఢిల్లీలో పేరూ బోర్డూ లేని ఒక డిపార్ట్‌మెంట్‌కు కొరియర్.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లజోళ్ల షాపు వెనక గదిలో, సగం దించిన షట్టర్ లోపల, ఆ డిపార్ట్‌మెంట్ చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్నవాడు పట్టాభి. కోడ్ నేమ్ వడగాలి. కృష్ణా జిల్లా మనిషి. తడబడకుండా అబద్ధం చెప్పడంలో డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మించినవాడు లేడు. ఆ విద్యకు తర్వాత ఎంత సిగ్గుపడాల్సి వచ్చిందో మనం చూడబోతున్నాం.

"నవంబర్‌లో డర్బన్ వాతావరణ సదస్సు. పొగ ఎంతవరకు తగ్గిస్తామని ఒప్పుకుంటాం, కరువుకి వరదకి బదులుగా ఏం సాయం అడుగుతాం. ఈ రెండింటి మీదా మన ఆఖరి మాట ఒక ఫైల్‌లో ఉంది. గ్రీన్ మెరిడియన్ అని విదేశీ ముఠా. పైకి కార్బన్ క్రెడిట్ల వ్యాపారం. వాళ్లకు ఆ ఫైల్ కావాలి."

"బేరానికి కూర్చోకముందే మన మనసులో మాట అవతలివాడికి చేరుతుందన్నమాట."

"ఆ ఫైల్ రాసిన సైంటిస్టుల్లో ఒకామె విజయశ్రీ. నల్గొండ కుటుంబం. ఇల్లు కొత్తపేట దగ్గర. మట్టయ్య ఫోన్‌లో చివరి కాల్ ఆవిడకే. కుసుమకుమారి కూడా ఆవిడ పేరే చెప్పింది."

ఆపరేషన్ పేరు తొలకరి. అనుమానం రూఢి అయితే పట్టాభి కాలర్ మైక్‌లో "వాన పడింది" అనాలి, అరెస్టు. కాదని తేలితే "మబ్బు తేలిపోయింది" అనాలి, అందరూ వెనక్కి.

కుసుమకుమారి ఎవరంటారా? చీరల షాపు మీది అంతస్తులో బ్యూటీ పార్లర్ నడిపే అందగత్తె. ఆమె నవ్వితే కింద చీరలు మడతపెట్టే కుర్రాళ్లు మడత తప్పేవారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. కనీసం చీఫ్ అనుకుంటున్నది అది. అయినా ఆవిడ ఎక్కడికి వెళ్లినా బ్యాగ్ తనిఖీ చేయించి, ఎవరిని కలిసిందీ రాయించుకునేవాడు. డబుల్ ఏజెంట్ల విషయంలో డిపార్ట్‌మెంట్ ఆనవాయితీ అది.

పట్టాభి అభిలాష్‌గా మారాడు. కోచింగ్ సెంటర్ లెక్చరర్. సొంతూరు ఖమ్మం. కృష్ణా జిల్లా పక్కనే కాబట్టి యాస ఎక్కడైనా బయటపడ్డా అనుమానం రాదని లెక్క. విజయశ్రీ వాళ్ల మేడ మీద ఒంటిగది ఖాళీగా ఉంది. హైదరాబాద్‌లో డాబా మీద రేకుల గది వేసినా దాన్ని పెంట్‌హౌస్ అనే అంటారు. అందులో దిగాడు.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, కోచింగ్ అంతకంటే లేదు. బొగ్గు గనుల సమ్మెతో కరెంటు కోతలు. హోటళ్లు కూడా మూతపడేసరికి విజయశ్రీ తల్లి సుమిత్రమ్మ మొదటిరోజే మెట్లెక్కి వచ్చి, పైన ఒక్కడివీ ఏం తింటవు, కిందికి రమ్మంది. ఆ రోజు నుంచి రెండు పూటలా వాళ్లింట్లోనే భోజనం. పచ్చిపులుసు కలుపుకుని తింటూ ఆమె చెప్పే ఊరి ముచ్చట్లు వినేవాడు. వానలు ఎగ్గొట్టి బోర్లు ఎండిపోతే భర్త పొలం మీద ఆశ వదులుకుని పట్నంలో ఆటో తోలాడు. ఆటో తోలుతూనే పోయాడు. ఆ ఎండిన పొలమే విజయశ్రీని వాతావరణ శాస్త్రం వైపు నడిపింది. రానున్న రోజుల్లో ఎక్కడ ఎండుతుందో, ఎక్కడ మునుగుతుందో మండలం మండలంగా మ్యాప్ గీసింది. సాయంత్రాలు డాబా మీదికొచ్చి, బయటికి చెప్పదగినంత వరకు ఆ మ్యాప్ గురించి చెప్పేది. పట్టాభి శ్రద్ధగా వినేవాడు. గదిలోకి వెళ్లి రాసేవాడు. తిన్న చెయ్యి తడి ఆరకముందే రిపోర్టు రాయడం మొదట్లో ఉద్యోగంలా ఉండేది. పోనుపోను, రాసేముందు మళ్లీ చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు.

రిపోర్టులు అందించేది కుసుమకుమారి పార్లర్‌లోనే. జుట్టుకు రంగు వేయించుకునే వంకతో కూర్చుని అద్దంలో ఆమెతో మాట్లాడేవాడు. విజయశ్రీలో తప్పేమీ కనపడటం లేదని ఒకసారి అన్నాడు. కుసుమకుమారి బ్రష్ ఆపకుండా నవ్వింది.

"వాళ్లింటి అన్నం మీకు బాగా పట్టినట్టుంది. ఆవిడ లాప్‌టాప్ కాపీ చేయమని చీఫ్ ఆర్డర్. అందులోనే తేలుతుంది."

ఆఫీసుకు దారి లేక విజయశ్రీ అనుమతి తీసుకుని ఇంట్లోనే పని చేసుకుంటోంది. ఆ ఆదివారం తల్లీకూతుళ్లు వంటావార్పుకు బయల్దేరారు. పోతూ పోతూ సుమిత్రమ్మ తాళం చెవి అతని చేతిలో పెట్టి, ఇల్లు జర చూసుకో కొడుకా అంది.

చూసుకున్నాడు. పాస్‌వర్డ్ పగలగొట్టే పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్ తెరిచాడు. గోరంత మెమరీ కార్డులోకి ఫైల్ మొత్తం ఎక్కించాడు. ఆ కాసేపూ గోడ మీద ఫొటోలో ఆటో పక్కన నిలబడ్డ సుమిత్రమ్మ భర్త తననే చూస్తున్నట్టనిపించి, కుర్చీ అటు తిప్పి కూర్చున్నాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు. అనుకుని, కార్డు తీసుకెళ్లి కుసుమకుమారి చేతిలో పెట్టాడు.

రెండు రోజుల్లో కబురొచ్చింది. సద్దుల బతుకమ్మ సాయంత్రం సరూర్‌నగర్ చెరువు కట్ట మీద, కెమెరా వేసుకున్న ఒక తెల్లవాడికి విజయశ్రీ ఫైల్ అందిస్తుంది. వాడితో మాట కలపగానే "వాన పడింది" అనాలి. కబురు తెచ్చింది కుసుమకుమారే.

పండగ రోజు పొద్దున్నే సుమిత్రమ్మ పూల ముందు కూర్చుంది. వానల్లేక ఊళ్లో తంగేడు సరిగా పూయలేదని, గునుగు కూడా ఎల్బీనగర్ రోడ్డు మీద కొనాల్సి వచ్చిందని ఒకటే బాధపడింది. అంతలో కుసుమకుమారి వచ్చింది. పార్లర్‌కు వెళ్లే పరిచయంతో విజయశ్రీకి ఆమె అక్క వరస. గేటు తీసింది పట్టాభే. నిఘాకు వచ్చిందనుకుని కళ్లతోనే పలకరించాడు. మీ పండగ ఎప్పుడూ దగ్గరగా చూడలేదమ్మా అంటూ ఆమె పూలు పేర్చింది. సుమిత్రమ్మ పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పక్కన పెడితే, దానికి కుంకుమ పెట్టి, బతుకమ్మ పైన నిలిపింది కూడా తనే. ఎంత కలుపుగోలు పిల్ల అని సుమిత్రమ్మ మురిసిపోయింది.

పొద్దు వాలేసరికి చెరువు దారంతా బారికేడ్లు. ఉద్యమం రోజులు, ప్రతి మగవాడి జేబూ తడిమి చూస్తున్నారు. తల మీద బతుకమ్మలతో వస్తున్న ఆడవాళ్లకు మాత్రం పోలీసులే పక్కకు జరిగి దారిచ్చారు. కట్ట నిండా పూలు, చప్పట్లు, పాటలు. పల్లీలు అమ్మేవాళ్ల వేషంలో చీఫ్ మనుషులు. నీళ్లలో పూలు, చెత్తాచెదారం తీసే పడవ ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. దాన్నెవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ విజయశ్రీ మీదే.

తెల్లవాడు నిజంగానే వచ్చాడు. కెమెరా చూపించి విజయశ్రీని ఏదో అడిగాడు. ఆమె నవ్వి చేతిసంచి తెరిచింది.

"వడగాలి, సిగ్నల్ ఇవ్వు." చెవిలో చీఫ్ గొంతు.

పట్టాభి నోరు తెరిచాడు. ఆ అమ్మాయిని దేశద్రోహి అనడానికి రెండే రెండు మాటలు చాలు. నాలుక మాత్రం అన్నం పెట్టిన ఇంటి వైపే ఉండిపోయింది.

"వడగాలీ, నిద్రపోతున్నావా? టీమ్, మీరు కదలండి."

పల్లీల గంపలు దించి ఇద్దరు విజయశ్రీ వైపు నడిచారు. సరిగ్గా అప్పుడే, నీళ్ల దగ్గర నిలబడ్డ సుమిత్రమ్మ బతుకమ్మను సాగనంపబోతూ, పైనున్న గౌరమ్మను తీసి చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, అది తీయకండి. పూలతో పాటే నీళ్లలోకి పంపాలి కదా." కుసుమకుమారి గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు వింతగా చూశారు. గౌరమ్మను ఎవరైనా నీళ్లలో వదులుతారా? ముందే తీసి, ఆ పసుపు తలా ఇంత పుస్తెలకు రాసుకుంటారు. తెలంగాణలో పుట్టిన ఆడపిల్ల ఎవరికైనా తెలిసిన సంగతి. కుసుమకుమారికి తెలియదు. ఆ మాటకొస్తే పట్టాభికీ తెలియదు. కానీ ఆమె మొహంలో రంగు మారడం తెలిసింది. పడవవాడు తెడ్డు ఆపి ఇటే చూడటం కనిపించింది. పొద్దున కుంకుమ పెట్టిన ఆ వేళ్లు గుర్తొచ్చాయి.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. విజయశ్రీ దగ్గర్నుంచి ఫైల్ ఎప్పుడూ బయటికి పోలేదు. దొంగిలించింది తను. తీసుకెళ్లి అప్పగించింది తను. ముఠాకు చేతకాని పని డిపార్ట్‌మెంట్ చేత చేయించడానికే మట్టయ్యను చంపి, అనుమానం ఇటు తిప్పారు. చీఫ్‌కు ఒక కాపీ పంపి, అసలు కార్డు ఎవరూ వెతకని పసుపు ముద్దలో దాచింది కుసుమకుమారి. అందరూ గట్టు మీద విజయశ్రీని పట్టుకునే గొడవలో ఉంటే, పడవవాడు బతుకమ్మను ఎత్తుకుపోవాలి.

"మబ్బు తేలిపోయింది. సర్, మబ్బు తేలిపోయింది" అంటూ పరుగెత్తాడు.

కుసుమకుమారి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, సూది ఉంది. అది సుమిత్రమ్మ మెడ మీదికి వెళ్లేలోపు పట్టాభి ఆ చెయ్యి పట్టి కిందికి లాగాడు. సూది పోయి తంగేడు పూలలో దిగబడింది. సుమిత్రమ్మ గుప్పిట్లో పసుపు ముద్ద చిట్లి, గోరంత నల్లటి కార్డు బురదలో పడింది. పట్టాభి దాని మీద కాలు వేసి నిలబడ్డాడు. పడవవాడు నీళ్లలోకి దూకాడు గానీ గుర్రపుడెక్కలో చిక్కుకుని, రక్షించమని పోలీసులనే వేడుకున్నాడు. పాపం ఆ తెల్లవాడు నిజంగానే టూరిస్టు; ఇలాంటివాడు ఎవడో ఒకడు పండగ చూడటానికి వస్తాడనే కుసుమకుమారి లెక్క. విజయశ్రీ సంచిలోంచి తీసి పెట్టిన, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద నోట్లో పెట్టుకుని, ఈ పండగలో ఇది కూడా ఒక భాగమేమోనని ఫొటోలు తీసుకుంటున్నాడు.

కుసుమకుమారిని జీపు ఎక్కించారు. విజయశ్రీ చేతులు పట్టుకున్న ఇద్దరూ వదిలేసి, సారీ మేడమ్ అని తిరిగి గంపలెత్తుకున్నారు.

పట్టాభికి అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. పేరు అభిలాష్ కాదని, లాప్‌టాప్ కాపీ చేసింది తనేనని, తాళం ఇచ్చిన రోజే చేశానని తలొంచుకుని అంతా చెప్పేశాడు. మట్టయ్య చివరిసారి ఫోన్ చేసింది ఆమెను హెచ్చరించడానికే అయ్యుంటుందని కూడా చెప్పాడు. తెలియని నంబరని ఎత్తలేదంది విజయశ్రీ, మెల్లగా.

సుమిత్రమ్మ తన చేతిలో మిగిలిన పసుపును చుట్టూ ఉన్న ఆడవాళ్లకు తలా ఇంత పంచింది. తర్వాత అడిగింది.

"అన్నం తినుకుంట గూడ రాసినవా, కొడుకా?"

"లేదమ్మా. పైకి వెళ్లాక రాసేవాణ్ని."

ఆమె పసుపు చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదనిపించింది పట్టాభికి.

"నిజంగ మీ ఊరేది?" అని అడిగింది విజయశ్రీ.

"దివిసీమ. సముద్రం ఒడ్డున."

"నా మ్యాపుల ఉన్నది. మా ఊరు ఎండుతది, మీ ఊరు మునుగుతది. ఆ ఫైల్ల రెండిటికి కలిపే సాయం అడిగిన." ఆమె గొంతులో కోపం లేదు, అలసట మాత్రం ఉంది. "రాష్ట్రం రెండైనా ఎండ ఒక్కటే గద, సార్. మీరు నా మీద రాసుకుంటున్నప్పుడు నేను మీ ఊరి గురించే రాస్తున్న."

తల్లి చెయ్యి పట్టుకుని ఆమె కట్ట దిగి వెళ్లిపోయింది. ఖాళీ పళ్లెంలో నాలుగు గునుగు పూలు మిగిలాయి. పట్టాభి బురదలోంచి కార్డు తీసి, తుడిచి, జేబులో వేసుకున్నాడు. కడిగినా వేళ్లకు పసుపు పోలేదు.

ఫోన్ మోగింది. చీఫ్ మంచి హుషారుగా ఉన్నాడు. ఫైల్ క్షేమం, ముఠా లోపలికి, ఢిల్లీ నుంచి అభినందనలు. రిపోర్టు ముగించడానికి ఒక్క వివరం కావాలన్నాడు.

"ఇందులో దోషులందరూ దొరికినట్టేనా?"

"దొరికాం సర్" అన్నాడు పట్టాభి.