బూట్ల కొట్లో చెప్పిన బరువు

“మీ బరువెంత?”

మా మనవరాలితో ఆ అబ్బాయి అన్న మొట్టమొదటి మాట అది. ఇంగ్లీషులో అన్నాడు.

“అది మీకెందుకు?” అంది మా పిల్ల, అదీ ఇంగ్లీషులోనే.

“స్ప్రింగు బిగించాలి.”

పరాయి దేశంలో ఒక మంచుకొండ, కొండ కింద రిసార్టు. చలికాలం ఉన్నన్నాళ్ళకని మా పిల్ల అక్కడ పనికి వెళ్ళింది. జనం కాళ్ళకి పొడుగాటి పలకలు తగిలించుకుని కొండ మీంచి జారతారు. వాటిని స్కీలంటారు. అవి అద్దెకిచ్చే కొట్టు నేలకింది గదిలో ఉంది. గోడ పొడుగునా వేడిగాలి గొట్టాలు, ఒక్కో గొట్టానికి ఒక్కో బూటు బోర్లించి ఉంటుంది. కొట్టంతా తడిసిన మేజోళ్ళ వాసన. ఆ అబ్బాయి అక్కడ పనివాడు. బూటుని స్కీ పట్టుకునే చోట ఒక స్ప్రింగు ఉంటుంది. మనిషి పడితే స్కీ ఊడిపోవాలి, లేకపోతే కాలు విరుగుతుంది. సన్నపాటి మనిషికి వదులుగా బిగిస్తారు, బరువైన మనిషికి గట్టిగా. అందుకని అడిగాడు.

మా పిల్ల వెనక్కి చూసింది. క్యూలో బోలెడుమంది. గొంతు తగ్గించి ఒక అంకె చెప్పింది.

అబ్బాయి తలెత్తి ఒకసారి చూశాడు. స్క్రూడ్రైవరు తిప్పాడు.

మనవరాలికి కొండ పైన, జనాన్ని పైకి మోసుకొచ్చే కుర్చీల లిఫ్టు దగ్గర డ్యూటీ. సాయంత్రం లిఫ్టు ఆపేశాక పైనున్నవాళ్ళు స్కీల మీదే కిందికి రావాలి. ఫోన్లో ఇంటర్వ్యూ చేసినప్పుడు “స్కీయింగ్ వచ్చా?” అని అడిగితే “ఓ, వచ్చు” అనేసింది. అప్పటికి అది చూసిన మంచల్లా ఫ్రిజ్ లోపల పేరుకునేదే.

లిఫ్టుల సూపర్వైజరమ్మ మెడలో విజిల్ వేసుకుని తిరిగే మనిషి. “ఆదివారం పొద్దున పైనుంచి నా వెనకాలే దిగు. దిగలేకపోతే మర్నాడు నీకు బస్సు” అంది.

బస్సెక్కితే ఇంట్లో ఏం వినాలో మా పిల్లకి తెలుసు. బయల్దేరేటప్పుడు వాళ్ళ నాన్న, అంటే మా అబ్బాయి, “చూస్తూండు, వారం తిరక్కుండా వచ్చేస్తావు” అన్నాడు. ఆ మాటకి మూడు పూటలు తిండి మానేసి మరీ వెళ్ళింది.

పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీద మొదలుపెట్టింది. మలుపు తిరిగితే చాలు, ఒక స్కీ ఊడిపోయేది. అది దాని దారిన జారిపోతే ఇది దాని వెనకాల కుంటేది. సాయంత్రానికి మొహం కందగడ్డ చేసుకుని కొట్లోకొచ్చి స్కీలు కౌంటరు మీద పడేసింది.

“వీడి చేతులు విరగ” అని గొణిగింది తెలుగులో.

“విరిగితే మీ స్కీలు ఎవరు బిగిస్తారండీ?” అన్నాడు అబ్బాయి, తెలుగులోనే.

మా పిల్ల నాలిక కరుచుకుంది. అదీ ఒక్క క్షణమే.

“తెలుగువాళ్ళా? అయితే మరీ ఘోరం. సాటి మనిషికి ఇలాగేనా బిగించడం?”

“మీరు చెప్పిన బరువుకే బిగించాను.”

“అంటే నేను అబద్ధం చెప్పాననా?”

“నేననలేదు. స్ప్రింగు అంటోంది.”

“ఇంకొంచెం బిగించండి, మీ సొమ్మేం పోయింది?”

“అందాజుగా బిగించకూడదండీ. ఎక్కువైతే కాలు విరుగుతుంది. బరువు చెప్పండి, బిగిస్తాను. కాదంటే మూల కాటా ఉంది.”

“కాటా ఎక్కడానికి నేనేమన్నా బస్తానా?” అని స్కీలు లాక్కుని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం చిన్న వాలు దగ్గరికి అబ్బాయి వచ్చాడు. ఒక చేతిలో బన్ను, రెండో చేతిలో కర్ర.

“మీకేం పని ఇక్కడ?” అంది.

“భోజనం టైము. కొట్లో మేజోళ్ళ వాసనకి తినబుద్ధి కాదు. ఈ కర్ర పట్టుకోండి.”

అతను కర్ర ఒక చివర, ఇది రెండో చివర. అతను వెనక్కి నడుస్తుంటే ఇది ముందుకి జారేది. స్కీ ఊడేది. అతను పరిగెత్తి తెచ్చేవాడు. వంగి దాని బూటుకి అంటిన మంచు గీకేసి, “మడమ నొక్కండి” అనేవాడు. టక్కుమనేది. మళ్ళీ ఊడేది. రోజూ అదే తంతు. బరువు మాట మాత్రం అతను మళ్ళీ ఎత్తలేదు.

“ఇంత ఓపికేంటి మీకు?”

“నా చేత్తో వదులుగా బిగించి నేనే చూస్తూ ఊరుకుంటే ఎలా?”

ఆ మాటకి మా పిల్ల మంచువైపు చూసింది. చూడ్డానికి అక్కడ ఇంకేం లేదు మరి.

రోజులు గడిచేకొద్దీ ఒక చిత్రం జరిగింది. అతను వంగేలోపలే ఇది బూటు దులుపుకుని, మడమ నొక్కేసి నిలబడేది.

ఆదివారం పొద్దున కొట్టు నిండా జనం. మా పిల్ల తిన్నగా కౌంటరు దగ్గరికెళ్ళి, అవతలికి వంగి, అతని చెవిలో ఒక అంకె చెప్పింది.

అబ్బాయి మొహంలో మార్పేం లేదు. స్క్రూడ్రైవరు తీశాడు. “నా బరువు కూడా చెప్పనా?”

“ఎందుకు?”

“బాకీ ఉండిపోకుండా.”

చెవిలో చెప్పాడు. మా పిల్ల వెనక్కి జరిగి అతన్ని ఎగాదిగా చూసింది.

“నాకన్నా తక్కువా? బొత్తిగా తినవా నువ్వు?”

“మధ్యాహ్నాలు నీకే సరిపోయాయి కదా!”

“రేపట్నించి నా ఎదురుగా కూచుని తిను” అని స్కీలు భుజానేసుకుంది. ‘మీరు’లు ఎక్కడ పోయాయో ఇద్దరూ వెతకలేదు.

కొండ మీంచి సూపర్వైజరమ్మ గీత గీసినట్టు దిగింది. వెనకాల మా పిల్ల దిగింది, చూడ్డానికి అంత బాగాలేదు గానీ, స్కీలు మాత్రం ఊడలేదు. సగం దారిలో నిజంగానే పడింది. ఒక స్కీ ఊడింది, కాలు బతికింది. సూపర్వైజరమ్మ ఆగి వెనక్కి తిరిగేసరికి ఇది మంచు గీకి, మడమ నొక్కి, పక్కకొచ్చి నిలబడింది.

“ఇంత త్వరగా పెట్టుకోవడం ఎక్కడ నేర్చుకున్నావు?”

“చాలాసార్లు ఊడిందండీ.”

“స్కీయింగ్ వచ్చని ఫోన్లో చెప్పావు?”

“అప్పుడు రాదండీ.”

ఆవిడ మెడలో విజిల్ చేతిలోకి తీసుకుంది. “మొదటి రోజు పడినవాళ్ళు ఏడుస్తూ కూచుంటారు. రేపు లిఫ్టు తెరిచే వేళకి పైనుండు” అని విజిలూదుకుంటూ పోయింది.

మంచు కరిగి రిసార్టు మూసేశాక ఇద్దరూ కలిసే వచ్చారు. మా అబ్బాయి కుర్చీలో బిగుసుక్కూచుని అడగాల్సినవన్నీ అడిగాడు. కుర్రాడు అన్నిటికీ నెమ్మదిగా బదులిచ్చాడు.

నేను ఒక్కటే అడిగాను. “మా పిల్ల గురించి నీకేం తెలుసు బాబూ?”

“బరువు తెలుసు తాతగారూ.”

మా కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మనవరాలు అతన్ని గిల్లింది. మా అబ్బాయికి కూడా నవ్వాగలేదు.

“ఎంతేమిటి?” అన్నాను.

“అది చెప్పకూడదండీ.”

పెళ్ళి చేసేశాం. ఆ అంకె ఎంతో నాకిప్పటికీ తెలీదు.