బల్ల కింది గాలి

శుభవార్త ఉదయం పదకొండు గంటలకు వచ్చింది. ఫణీంద్రకు జబ్బు ఉంది.

2089లో ఒంగోలు ఇళ్లలో ఆస్పత్రి రిపోర్టులు వంటింటి గోడ మీదే వెలుగుతాయి. నీలాంబరి ఆ అక్షరాలను మూడోసారి పాటలా చదివింది.

"స్లీప్ ఆప్నియా! ఫణీ, నీకు స్లీప్ ఆప్నియా!"

"దానికింత సంబరమేంటే?"

"మరి? నేను మాట్లాడుతుంటే నువ్వు కునికేది నా మాటలు విసుగొచ్చి కాదన్నమాట!"

పెళ్లయి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో అతను ఆమె చిన్ననాటి కథలు మూడింటి మధ్యలో, అత్తగారింట్లో పెరుగన్నం ముందు ఒకసారి నిద్రపోయాడు. నేనంటే ఇష్టం లేదేమోనని ఆమె లోలోపల బెంగపడింది. పడుకున్నాక గొంతు కండరాలు వాలి గాలిదారి మూసుకుపోతోందని, రాత్రికి రెండు వందల సార్లు అతని మెదడు ఉలిక్కిపడి లేస్తోందని ఇప్పుడు తేలింది.

మధ్యాహ్నానికల్లా ఇద్దరూ శ్వాసకేంద్రంలో ఉన్నారు. అక్కడ డాక్టర్ రెహానా అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్లను చూపించింది.

"దీన్ని ఊపిరిగొడుగు అంటాం. మా తాతగారి కాలంలో ముక్కుకి మాస్క్, దానికో గొట్టం, పక్కన పంపు ఉండేవి. సగం మంది అర్ధరాత్రి పీకి పడేసేవాళ్లు. ఇది దిండు మీద ఉంటే చాలు. ధ్వని తరంగాలతో గాలిని గొట్టంలా చుట్టి గొంతులోకి పంపుతుంది. ఒంటికి ఏదీ తగలదు. కాకపోతే ఒకటి మీరే ఎంచుకోవాలి."

"ఏం ఎంచుకోవాలి?" అన్నాడు ఫణీంద్ర.

"గాలి. పరాయి గాలిని నిద్రలో ఒళ్లు నెట్టేస్తుంది. అలవాటైన గాలయితే రానిస్తుంది. అందుకే మీరు బాగా నిద్రపోయిన చోటు చెబితే అక్కడి తేమ, వేడి, వాసన, చప్పుడు ఇది తయారుచేస్తుంది. ఆ గాలి పేరు జ్ఞాపకవాయువు. నచ్చిందో లేదో ఈ హాయిమాపకం నూటికి ఇన్ని అని చెబుతుంది. డెబ్బై దాటకపోతే నేనివ్వను. చెప్పండి, ఎక్కడ బాగా నిద్రపట్టింది?"

ఫణీంద్ర తడుముకోలేదు. "మా పడగ్గదిలో. నీలూ పక్కన."

నీలాంబరి చెవులు ఎర్రబడ్డాయి. అతను మంచం మీద వాలాడు. ఆమె తలనూనె వాసన, మాడు మీది ఫ్యాన్ రొద గదంతా పరుచుకున్నాయి. పావుగంట గడిచింది. అతను కళ్లు మూసుకుని నటిస్తూనే ఉన్నాడు.

హాయిమాపకం మీద ముప్పై ఒకటి.

నీలాంబరి చేతిసంచీ జిప్పు లాగింది, మూసింది, మళ్లీ లాగింది.

"ఒంటికి మర్యాదలు తెలీవమ్మా. ఆ గదిలో నలభై రాత్రులు ఊపిరాడక కొట్టుకుంది కదా, అదే గుర్తు పెట్టుకుంది," అంది డాక్టర్. "బాబూ, ఈసారి నిజం చెప్పండి."

అతను పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "చీరాలలో మా పెద్దక్క కుట్టుకొట్టు. బట్టలన్నీ అచ్చుయంత్రాల్లో వస్తున్నా అక్క మాత్రం కాలితో తొక్కే మిషనే వాడేది. స్కూల్ నుంచి రాగానే ఆ బల్ల కింద గుడ్డపీలికల్లో దూరేవాణ్ణి. కొత్తగుడ్డ గంజి వాసన, మిషన్ నూనె వాసన. చక్రం తిరిగితే మొహానికి చిన్న గాలి. ఒకసారి నా నిక్కరు కూడా పీలికనుకుని కత్తిరించబోయి అక్క..."

వాక్యం పూర్తవలేదు. బిళ్ల అప్పటికే మొదలెట్టిన మిషన్ టకటకల మధ్య అతని ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. ఎనభై ఎనిమిది.

ఇంత నిశ్చింతగా ఉన్న ఆ మొహాన్ని నీలాంబరి ఎప్పుడూ చూడలేదు. మీసాలున్న ఏడేళ్ల పిల్లాడిలా ఉన్నాడు. ఆ ఏడేళ్లవాడు తనకు తెలియదు కదా అని ఆమెకు కాస్త అసూయ కలిగింది.

"పక్కన పడుకునేవారికీ గాలి సరిపడాలి. మీరూ వాలండి. మీకెక్కడ నిద్ర బాగా పట్టింది?" అడిగింది డాక్టర్.

"మా పడగ్గదిలోనే," అంది నీలాంబరి పంతంగా.

ఫణీంద్ర లేచేసరికి పక్కమంచం మీద ఆమె కళ్లు గట్టిగా బిగించుకుని ఉంది. పైన హాయిమాపకం వెలుగుతోంది.

"పందొమ్మిదా!" అన్నాడు.

ఆమె ఒక కన్ను తెరిచింది. "నీ గురక అసలు వినపడదన్నానే, అబద్ధం. నలభై రోజులుగా కన్ను మూస్తే ఒట్టు."

"నాకన్నా పన్నెండు తక్కువ! పైగా నేనే దోషినని మొహం మాడ్చుకున్నావు."

డాక్టర్ రెహానా నవ్వాపుకోలేకపోయింది. "కొత్తజంటలందరూ ఆ గదే చెబుతారు. దాంతో హాయిమాపకం మీద నలభై దాటినవాళ్లను నేనింకా చూడలేదు."

"పెళ్లయి ముప్పై ఏళ్లయినవాళ్లో?" అడిగాడు ఫణీంద్ర.

"వాళ్లకు ఆ మొహమాటం లేదు. ముందే వేరే చోటు చెప్పేస్తారు." డాక్టర్ ఒక ఖాళీ గాజుబుడ్డి అందించింది. "ఇక్కడిది ఉజ్జాయింపు గాలి. ఆ కుట్టుకొట్టులోని అసలు గాలి ఇందులో పట్టుకొస్తే యంత్రానికి ఇంకా బాగా తెలుస్తుంది."

నీలాంబరి బుడ్డిని రెండు చేతులా అందుకుంది.

"ఫణీ, వదినకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. రేపు టిఫిన్ కాగానే చీరాల వస్తున్నామని, మిషన్‌కి నూనె వేసి ఉంచమని చెప్పు. ఆ బల్ల కింద ఇద్దరికి చోటుంటుందేమో కూడా అడుగు."