తాళం వేసిన గదిలో పాట

పెందుర్తిలో ఆ ఇంటికి పొమ్మంటే ఆటోవాళ్ళు సైతం "వెనక గది ఇల్లేనా?" అని అడిగి మరీ ఎక్కించుకునేవారు. ఇల్లు మాత్రం బంగారం లాంటిది. విశాలమైన హాలు, ముందు జామచెట్టు, రోజూ కుళాయి నీళ్ళు. చిక్కంతా వెనక వరండాలో తాళం వేసున్న ఆ గదితోనే! ఇంటాయన గంగాధరరావు ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరై, రాజమండ్రి వెళ్ళిపోతూ పాత సామానంతా అందులో పడేసి, తాళంచెవి పక్కింటి వరహాలమ్మకిచ్చాడు. ఆ తర్వాత రెండు కుటుంబాలు అద్దెకు దిగాయి. రెండూ ఆరు నెలలు తిరక్కుండానే మూటాముల్లె సర్దేశాయి. పొద్దుగూకాక ఆ గదిలో ఎవరో మాట్లాడుకుంటారట... నవ్వుతారట... ఓ రాత్రి ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడ్చిందట కూడా.

చూసినవాళ్ళెవరంటే ఒక్కరూ లేరు. విన్నవాళ్ళు మాత్రం వీధికి పదిమంది.

ఈ సంగతులన్నీ సింహాద్రికి కంఠతా వచ్చు. టీవీలు, హోమ్ థియేటర్లు బాగుచేసే షాపు అతనిది. మనిషి ఆరడుగులుంటాడు గానీ, దెయ్యం మాటెత్తితే చాలు, కాళ్ళు రెండూ వాటంతటవే ఇంటివైపు తిరుగుతాయి. అలాంటివాడికి సరిగ్గా ఆ ఇంటి నుంచే ఫోనొచ్చింది.

చేసింది జయమణి. నెలకిందటే ఆ ఇంట్లో దిగిన టీచరమ్మ. భర్త దేవకుమార్ పోర్టులో క్రేను నడుపుతాడు.

"రేపు సాయంత్రం మా నాన్న జ్ఞాపకార్థ కూడిక తమ్ముడూ. పాస్టరు గారు, సంఘంవాళ్ళు అందరూ వస్తారు. ఆయన పాడిన డిస్కు టీవీలో సరిగ్గా వినపడటం లేదు. ఈరోజే రావాలి, ఏమనుకోకు" అందావిడ.

కాదనలేకపోయాడు. సందె పడకముందే పని ముగించుకుని బయటపడాలని ఒట్టేసుకుని బయల్దేరాడు. ఒట్టు ఎవరిక్కావాలి? గోపాలపట్నంలో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు. ఇల్లు చేరేసరికి ఏడున్నర.

జయమణి ముందుగా డిస్కు పెట్టి చూపించింది. టీవీలో ఆమె నాన్న యోహాన్ — తెల్లచొక్కా, బుర్రమీసాలు — చర్చిలో నిలబడి కీర్తన పాడుతున్నాడు. ఛాతీ పీపాలా ఉంది. గొంతు మాత్రం దోమ పాడినట్టుంది.

"ఇది మా నాన్న గొంతు కాదు తమ్ముడూ!" అంది జయమణి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయన పాడితే బెంచీలు అదిరేవి. ఆ గొంతు విని ఏడాదైంది. ఆయన పాడింది ఈ ఒక్క డిస్కే ఉంది నా దగ్గర. రేపు అందరూ ఈ పీలగొంతు విని వెళ్ళిపోతే, ఆయన నాకు మళ్ళీ పోయినట్టే."

దేవకుమార్ తన అన్నయ్య ఇంటి నుంచి పాత స్టీరియో మోసుకొచ్చాడు. ఇనపపెట్టెంత ఆంప్లిఫయరు, మోకాలెత్తు చెక్క స్పీకర్లు రెండు. వాటిని చూడగానే సింహాద్రికి భయం సగం దిగిపోయింది.

"ఏటక్కా, దీనికింత బెంగేటి? బొమ్మని టీవీకి పంపుతాను, పాటని ఆంప్‌కి తిప్పుతాను. ఇంక సూడు, మీ నాన్న వీధంతా ఇనిపిత్తాడు!"

డిస్కు ప్లేయరు వెనక పసుపుపచ్చ పిన్ను టీవీకి పెట్టాడు. ఎర్రది, తెల్లది ఆంప్‌కి గుచ్చాడు. స్పీకర్లు హాలు మూలల్లో పెట్టారు గానీ, వాటి తీగలు ఆంప్ దాకా అందలేదు. అయితే టీవీ పక్కన గోడలోంచి రెండు జతల తీగలు బయటికొచ్చి ఉన్నాయి. మూలల్లోనూ ఒక్కో జత ఉంది.

"మీ ఇంటాయన ఎవరో గాని పాటలంటే పిచ్చోడే బావా! గోడలోనే తీగలు లాగించీసినాడు" అని మెచ్చుకుంటూ, ఆంప్‌ని టీవీ పక్క తీగలకీ, స్పీకర్లని మూలల తీగలకీ బిగించాడు. లోపల ఏ తీగ ఎటు పోయిందో చూడాలన్న ఆలోచనే రాలేదు. టైము ఎనిమిది కావస్తోంది మరి.

స్విచ్చి వేశాడు. టీవీలో యోహాన్ నోరు తెరిచాడు.

స్పీకర్లు కిక్కురుమనలేదు.

"సౌండ్ రాదేటి బావా?" అన్నాడు దేవకుమార్.

సింహాద్రి ఆంప్ మీద సౌండు గుండీ తిప్పాడు. ఇంకా తిప్పాడు... చివరిదాకా తిప్పాడు.

అప్పుడు —

ఇంటి వెనక నుంచి... తలుపుల అవతల నుంచి... మగగొంతు. లోతుగా, నిదానంగా... పాడుతోంది.

సింహాద్రి చేతిలో స్క్రూడ్రైవరు కిందపడింది.

"అప్పన్నా! సింహాచలం అప్పన్నా! నాను ఎల్లిపోతాను బావా... ముందు ఆపీయ్ దాన్ని!"

"ఆపొద్దు!" జయమణి లేచి నిలబడింది. "నాన్న... మా నాన్న గొంతు అది!"

ఆవిడ వంటిల్లు దాటి వెనక వరండాలోకి పరిగెత్తింది. వెనకాల దేవకుమార్. హాల్లో ఒక్కడే ఉండటం ఇంకా భయమనిపించి, ఆయన చొక్కా పట్టుకుని సింహాద్రి. వరండాలో లైటు లేదు. దేవకుమార్ ఫోను టార్చి వేశాడు. తాళం వేసిన తలుపు పాటకి సన్నగా అదురుతోంది.

"వరహాలమ్మ గారూ! తాళంచెవి!" అని జయమణి ప్రహరీ మీంచి కేకేసింది.

"ఓలమ్మో! ఇన్నాళ్ళూ మాటలే అనుకున్నాను, ఇప్పుడు పాటలు కూడానేటి!" అంటూ వరహాలమ్మ తాళంచెవి గోడ మీంచి విసిరింది తప్ప ఇటువైపు అడుగు పెట్టలేదు.

తాళం తిప్పారు. వరహాలమ్మ గోడ అవతల నుంచి ఇంకేదో అరిచింది గానీ ఎవరికీ వినపడలేదు. తలుపు కిర్రుమంది. లోపల చీకటి... బూజు... పాత మంచాలు. టార్చి వెలుగు మెల్లగా గోడ మీదికి పాకింది.

గోడకి రెండు పెద్ద స్పీకర్లు! దుమ్ము కొట్టుకుపోయి, పాటకి వణుకుతూ.

స్పీకర్ల వెనక తీగలు చూసి, సింహాద్రి పకపకా నవ్వాడు.

"ఓరి నా బుర్ర తగలెట్టా! టీవీ పక్క తీగలు ఈ గదికొచ్చినాయి బావా! ముందున్నోళ్ళు కూడా వాటికే బిగించుంటారు. ఆళ్ళు హాల్లో సీరియల్ పెట్టుకుంటే ఇక్కడ ఏడుపులు! దానికి ఊరంతా దెయ్యమని పేరెట్టీసినారు!"

దేవకుమార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. జయమణి మాత్రం ఇద్దర్నీ ఊరుకోమని చెయ్యెత్తింది. స్పీకరుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. గొంతు పెట్టెలోంచి వచ్చి ఆవిడ ఛాతీకి తగులుతోంది. మూడు చరణాలూ అయ్యాయి. చివర "ఆమేన్" అని గది అదిరింది. ఆ తర్వాత నిశ్శబ్దం.

"ఇదీ మా నాన్న" అంది జయమణి, కళ్ళు తుడుచుకుంటూ.

నవ్వుకుంటూ ముగ్గురూ బయటికొచ్చారు. వంటింట్లో చీకటి. హాల్లోనూ చీకటి. టీవీ ఆరిపోయి ఉంది. వీధిలో ఒక్క దీపం లేదు.

గోడ మీంచి కొవ్వొత్తి వెలుగులో వరహాలమ్మ మొహం కనిపించింది.

"కరెంటు ఎప్పుడు పోయిందమ్మా?" అన్నాడు సింహాద్రి.

"తాళం తిప్పినప్పుడే పోనాది. అరిసి సెప్పినాను, మీరెక్కడ ఇనిపించుకున్నారు?"

సింహాద్రి మెల్లగా దేవకుమార్ వైపు తిరిగాడు.

"బావా... ఇంట్లో ఇన్వర్టర్... ఉంది గదా?"

దేవకుమార్ తల అడ్డంగా ఊపాడు.

తాళం తీశాక మూడు చరణాలు!

మర్నాడు సింహాద్రి వచ్చాడు. వస్తాడని ఎవరూ అనుకోలేదు గానీ, అక్కకి మాటిచ్చాడు కదా. మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండ ఉండగా వచ్చి కొత్త తీగలు లాగాడు. ఈసారి హాల్లో స్పీకర్లు పాడాయి. కిటికీ అద్దాలు అదిరాయి. జయమణి చేతులు కట్టుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది.

"అక్కా, వెనక గదికెల్లే పాత తీగలు... పీకీమంటావా?"

"వద్దు తమ్ముడూ" అంది జయమణి నవ్వుతూ. "మళ్ళీ ఎప్పుడైనా ఆయనకే పాడాలనిపిస్తే?"

సింహాద్రి ఆ కొసలకి టేపు చుట్టి, వాటికి నొప్పి పుట్టకూడదన్నట్టు గోడవారగా సర్ది, టీ కూడా తాగకుండా బండెక్కాడు.