కింద పెట్టాలా, పైన పెట్టాలా?

"అన్నీ కిందనే పెట్టు బిడ్డా. పైన ఒక్కటి పెట్టినా నేనూకోను."

ట్రాలీ ఆటో పూర్తిగా ఆగకముందే రామక్క దూకినంత పని చేసి, కిరాయికి తీసుకున్న గోదాం గది షట్టర్ ముందు నిలబడింది. వాన సన్నగా పడుతోంది. గోదాం చూసుకునే కుర్రవాడు రామ్‌చందర్ అప్పటికే పింగాణీ కప్పుల అట్టపెట్టెను ఎత్తి పై పలక మీదికి చేర్చబోతున్నాడు.

"కింద పెడితే ఎట్ల పెద్దమ్మా? నీళ్ళొస్తే?"

"కొత్తగూడెంల నీళ్ళేంది? తాగనీకే దినం తప్పి దినం వస్తున్నయి."

వెనక నుంచి నవ్వు వినిపించింది. రామక్క కూతురు సుజన, కుట్టుమిషన్ తలను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడి ఉంది. రామ్‌చందర్‌కు రోషం వచ్చింది.

"మాది బూర్గంపాడు దిక్కు తండా మేడమ్. వానాకాలమొస్తే మేం చెంచా గూడ కింద పెట్టం. గోదారి ఎప్పుడు లోపలికొస్తదో ఎవరికెరుక?"

"మాది ఓపెన్‌కాస్ట్ గని పక్క క్వార్టర్ సార్. మేం చెంచా గూడ పైన పెట్టం. మధ్యాహ్నం బ్లాస్టింగ్ కొట్టిండ్రంటే గోడ మీది గడియారం కింద పడ్తది."

"ఈడ బ్లాస్టింగ్ లేదు కద!"

"ఈడ గోదారి గూడ లేదు కద!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు కొట్లాటకు కావలసిన దానికంటే కొంచెం ఎక్కువసేపే నిలిచింది. రామక్క చూసింది గానీ, ఆమె భయమంతా అప్పుడు కప్పుల మీద ఉంది.

భయపడటం రామక్కకు ఊపిరి తీసుకోవడం లాంటిది. భర్త బిక్షపతి గనిలో దిగిన ప్రతి షిఫ్టూ ఆమె కళ్ళముందు పైకప్పు కూలుతూనే ఉండేది. ఆయన తిరిగొచ్చి సైకిల్ గోడకు ఆనించిన చప్పుడు వినిపించాకే పొయ్యి మీద అన్నం పెట్టేది. అంత భయమూ గని మీదనే ఖర్చు పెట్టింది. చావు మాత్రం పోయిన చలికాలంలో ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కుని, టీ తాగి, కాస్త నడుం వాల్చుతానని మంచమెక్కిన మనిషి మళ్ళీ లేవలేదు.

కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ల్యాబ్‌లో పనిచేసే సుజన జీతానికి ఒక్క గది కిరాయికి దొరికింది. ఆ గదిలో ఇద్దరు పడుకుంటే మూడో మనిషి నిలబడటానికే చోటుండదు, ఇక ఇంటెడు సామాను ఎక్కడ పెట్టాలి? అమ్మేద్దామంటే రామక్కకు ప్రాణం ఒప్పలేదు. సుజన పెళ్ళయి, ఒక ఇల్లు కుదిరేదాకా ఇట్లా షట్టర్ గదిలో దాచుకుందామనుకుంది.

చివరికి రామక్క మాటే నెగ్గింది. బీరువా, బిందెలు, కూలరు, పరుపులు, అన్నీ నేల మీదే సర్దుకున్నాయి. ఆఖరికి ఒక ట్రంకు పెట్టె మిగిలింది. మూత సరిగా పడటం లేదు. రామ్‌చందర్ తెరిచి చూశాడు. మగవాళ్ళ చొక్కాలు, పట్టీ తెగిన చేతిగడియారం, మడతపెట్టని పంచె ఒకటి.

"ఇవి పెద్దనాన్నవా?" అని మెల్లగా అడిగాడు.

రామక్క తలూపింది. అతను చేతులు చొక్కాకు తుడుచుకుని, బట్టలన్నీ తీసి, ఒక్కొక్కటీ మళ్ళీ మడతపెట్టాడు. బయటికి పోయి వేపాకు తెంపుకొచ్చి, నీళ్ళు దులిపి, తడి ఆరేదాకా ఫ్యాను కింద పెట్టి, మడతల మధ్య పరిచాడు. పంచెను మాత్రం మడవకుండా, ఉన్నది ఉన్నట్టే పైన ఉంచాడు. అది ఆయన ఆఖరిసారి కట్టిన పంచె అని అతనికి ఎవరూ చెప్పలేదు. సుజన మొహం వాన వైపు తిప్పుకుంది.

* * *

ఆ తర్వాత సుజనకు ప్రతి ఆదివారం షట్టర్ గదిలో ఏదో ఒక పని పడేది. ఒకసారి దుప్పటి కావాలంది. ఇంకోసారి కుక్కర్ విజిల్ అంది. మరోసారి రోలు తెస్తానంది.

"రోలెందుకే? మిక్సీ ఉంది కద!"

"రోట్ల పచ్చడి తినబుద్ధయితుందే అమ్మా."

పొద్దున పోయిన పిల్ల మధ్యాహ్నానికి వచ్చింది. రోలు రాలేదు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

రామక్కకు కొత్త భయం పట్టుకుంది. పిల్లకు ఏదైనా జబ్బేమో, తనకు చెప్పకుండా దవాఖానాకు పోతోందేమో. లేకపోతే ఎవడైనా బెదిరిస్తున్నాడేమో. వాడికి ఇవ్వడానికి ఇత్తడి బిందెలు అమ్ముతోందేమో. రాత్రంతా గోదాంలోని బిందెలను మనసులోనే లెక్కపెట్టుకుంది. తెల్లారాక తల్లాడలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, అతను చూసిన సంబంధం వాళ్ళను శుక్రవారం రమ్మంది. తండ్రి లేని పిల్ల, జల్దీ ఒక నీడకు చేరితే చాలనుకుంది.

వచ్చేవాళ్ళ ముందు పెట్టడానికి పెద్ద ఇత్తడి పళ్ళెం కావాలి. సుజన డ్యూటీకి పోయాక రామక్క గొడుగేసుకుని ఒక్కతే గోదాంకు బయల్దేరింది. రెండు రోజులుగా వాన ఆగలేదు.

షట్టర్ ఎత్తింది. నేల మీద బీరువా తప్ప ఒక్క వస్తువు లేదు.

"రామయ్య తండ్రీ! దోచుకపోయిండ్రు!" అంటూ అక్కడే కూలబడింది.

రామ్‌చందర్ పరిగెత్తుకొచ్చాడు. కళ్ళు ఎర్రగా, నిద్ర లేనట్టు ఉన్నాయి.

"ఏం పోలేదమ్మా. మీరు పైకి చూడుండ్రి."

చూసింది. సిమెంటు ఇటుకలు పేర్చి, వాటి మీద పలకలు పరిచి, మిగిలిన సామానంతా మనిషి ఎత్తున ఎక్కించి ఉంది. కప్పుల పెట్టె, ట్రంకు పెట్టె, కుట్టుమిషను, దేనికదే తాడుతో గోడ కొక్కేలకు బిగించి ఉంది. కింద భూమి అదిరినా కదలనంత గట్టి ముడి.

"ఎవరు చెయ్యమన్నరు గిట్ల?"

"ఎవరు చెయ్యమనలేదు. నిన్న భద్రాచలం కాడ గోదారికి మూడో హెచ్చరిక ఇచ్చిండ్రు. తండాల అమ్మ ఉంది. పోదామంటే తొవ్వ మునిగింది. ఫోన్ కలుస్తలేదు. ఊకే కూసోలేకపోయిన. చేతులు ఆగలే. మీ సామాన్ ఎక్కించిన. సుజన ఇంకో తాళంచెవి నా కాడ పెట్టింది."

రామక్క లేచి నిలబడింది. కుట్టుమిషను తాడును లాగి చూసింది.

"మొదట పెద్దమ్మా అంటుంటివి. ఆ పిలుపు ఎప్పుడు మానినవ్?"

రామ్‌చందర్ తల దించుకున్నాడు. పెద్దమ్మ అయితే ఆమె కూతురు ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"సుజన అంటే నాకు ఇష్టమమ్మా. ఆమెకు చెప్పిన. మీతోని చెప్పనీకే ధైర్యం చాలలే."

రామక్క పళ్ళెం సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేసింది.

* * *

"తండా పిల్లగాడు. మనోళ్ళు గాదు. సరే, అదొక్కటైతే ఎట్లనో ఆలోచిస్తుంటి. గోదారిల ఉన్న ఇంటికి నా పిల్లనెట్ల పంపాలె? ఏ అర్ధరాత్రో నీళ్ళొస్తే?"

సుజన అరవలేదు. గిన్నెలు సర్దుతూనే అడిగింది.

"నాన్న గని దిగిన ప్రతిరోజు నువ్వు చచ్చి బతికినవ్ కద. అట్లని ఆయనను విడిచిపెట్టి పోయినవా?"

రామక్క పక్క దులపడం మొదలుపెట్టింది.

"నీకు ఇష్టం లేకుంట నేను పోనమ్మా. కానీ తల్లాడోళ్ళ ముందు మాత్రం కూసోను."

అంతే అంది. ఆ మాటలో బెదిరింపు లేదు, అలక లేదు. అదే రామక్కను ఎక్కువ భయపెట్టింది. ఒక్క గదిలో, ఒకరికొకరు తప్ప ఎవరూ లేని ఇద్దరు ఆడవాళ్ళు గోడకు మొహం పెట్టి పడుకున్నారు.

* * *

గురువారం వాన తెరిపిచ్చి, తొవ్వ తేలింది. తల్లాడోళ్ళను రావద్దనలేక రామక్క పళ్ళేనికని బయల్దేరింది, సుజన కూడా వెంట నడిచింది. ఇద్దరూ గోదాంకు పోయేసరికి గేటు ముందు ట్రాక్టర్ ఆగి ఉంది. వెనక ట్రాలీ నిండా బురద అంటిన మూటలు, గింజల డ్రమ్ములు, ఒక టీవీ. వాటి మీద టార్పాలిన్ పట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మోచేతిదాకా తెల్లటి గాజులు, అరచేతులకు తాడు కోసిన గాట్లు.

"మా అమ్మ, పూలి," అన్నాడు రామ్‌చందర్. "గోదాంల ఒక్క గది ఖాళీ లేదు. ఎవరినన్న అడగాలె."

రామక్క ట్రాక్టర్ దగ్గరికి పోయింది.

"ఇల్లు?"

"సగం గోడ దాక మునిగిందమ్మా," అంది పూలి. "నీళ్ళు పోతయి. కడుక్కుంటం."

"భయం కాదా నీకు?"

పూలి ఆశ్చర్యంగా చూసి నవ్వింది. "ఎందుకు గాదు? మస్తు భయమైతది. భయపడుకుంటనే మూటలు కట్టుకుంట. చేతులకు పనుండాలె కద."

రామక్క ఆ గాట్ల వంక చూసింది. ఇన్నేళ్ళూ తను భయాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ మనిషి దాన్ని వెంటబెట్టుకునే పని చేసుకుపోతోంది. తన భర్త చొక్కాలు మడిచిన ఆ పిల్లగాడికి ఆ చేతులు ఎక్కడివో ఇప్పుడు అర్థమైంది.

మళ్ళీ చినుకు మొదలైంది. రామక్క కొంగు నడుముకు దోపుకుని తమ గది షట్టర్ పైకెత్తింది.

"దించుండ్రి. తడుస్తున్నయి."

రామ్‌చందర్ గబగబా మూటలు మోశాడు. పూలి కడిగింది, సుజన తుడిచింది. సగం అయ్యాక అతను ఒక తాడు తెచ్చి గదికి నడిమధ్య కట్టబోయాడు.

"మీ సామాన్ అటు, మా సామాన్ ఇటు. రేపు తీసేటప్పుడు కలవకుంట."

"తాడెందుకు?" అంది రామక్క.

ఆమె తాడు అతని చేతిలోంచి తీసుకుంది.

"కలిపే పెట్టు. రేపు ఒక్కింటికే కద పోయేది."

పూలికి ముందు అర్థం కాలేదు. కొడుకు మొహం చూశాక అయింది. తడి చేతులతోనే రామక్క రెండు చేతులూ పట్టుకుంది. సుజన తుడుస్తున్న డ్రమ్మును వదిలి తల్లి వెనక నిలబడి, భుజం మీద గడ్డం ఆనించింది. ఏడుస్తోందని మెడ మీది తడిని బట్టి తెలిసింది.

"అమ్మా, తల్లాడోళ్ళు..."

"మామకు నేను చెప్త. తిడ్తడు, తిట్టనీ." రామక్క బీరువా వైపు తిరిగింది. "నిలబడి చూస్తరేంది? బీరువా జరిపితే తప్ప ఆ డ్రమ్ములు పట్టవు. చెరో దిక్కు పట్టుకోండ్రి. పిల్లగా, బరువు నీ దిక్కు తీసుకో. జాగర్త, కాళ్ళ మీద పడేసుకోకుండ్రి!"